శుక్రవారం గద్వాల, శనివారం వనపర్తి

డాక్టరమ్మ శుక్రవారం రమ్మంది. ఆ మాట చెవిన పడగానే ఇందిరమ్మ మొహం మాడిపోయింది.

అంతకుముందు డాక్టరమ్మ చాలానే చెప్పింది. కోడలి కడుపులోని బిడ్డ తల గురించి, ఆ తలలో కనబడవలసి ఉండి ఇంకా కనబడని ఒక రక్తనాళం గురించి చెప్పింది. కాగితం మీద బొమ్మ గీసి, కంగారు పడవద్దని, అయిదు వారాలు ఆగి మళ్ళీ చూద్దామని నచ్చజెప్పింది. ఇందిరమ్మ అన్నిటికీ తల ఊపింది గానీ ఆమె చెవులు ఒక్క మాట కోసమే కాచుకొని ఉన్నాయి. ఆ మాట చిట్టచివర వచ్చింది.

గద్వాలలో ధరూర్ ఆటో ఎక్కి, ఇద్దరు మనుషులకు, ఒక యూరియా బస్తాకు మధ్య ఇరుక్కొని కూర్చునేదాకా ఆమె నోరు విప్పలేదు. ఆటో కదిలాక కోడలి చెవి దగ్గరికి వంగింది.

"విన్నవా? శుక్కురారమంట."

"విన్న అత్తమ్మా."

"శుక్కురారమంటె లచ్చిమి. ఆడపిల్ల."

ఇది ఇందిరమ్మ కనిపెట్టిన శాస్త్రం కాదు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసిందే. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. నోటితో చెబితే జైలు గనక డాక్టర్లు సైగతో చెబుతారని జనం ఒక నమ్మకం కట్టుకున్నారు. మంగళవారం గానీ శనివారం గానీ రమ్మంటే అవి ఆంజనేయస్వామి రోజులు, మగపిల్లవాడు. శుక్రవారం రమ్మంటే అమ్మవారి రోజు, ఆడపిల్ల. సోమవారం రమ్మంటే సరిగ్గా కనబడలేదని అర్థం. బుధ, గురువారాల సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. అంతంత చదువులు చదివిన డాక్టర్లకు ఈ గూఢచారి పనులెందుకని అడిగే ధైర్యం ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళలో ఒకరిద్దరు లేకపోలేదు, కాని వాళ్ళకు కడుపులు రావు గదా, మగవాళ్ళు.

సింధూజకు అప్పుడు శుక్రవారం మీద ధ్యాసే లేదు. ఆమె కళ్ళ ముందు ఇంకా ఆ చీకటి గది, ఆ తెర ఉన్నాయి. మేనరికం గనక ఒకసారి పెద్ద మెషీన్ మీద చూపించుకొమ్మని మామూలు దవాఖాన డాక్టరు పంపిస్తే వచ్చింది. ఈ డాక్టరమ్మ, డాక్టర్ ఫిర్దోస్, కడుపులోని పిల్లల స్కానింగే ప్రత్యేకంగా చదువుకున్న మనిషి. పొట్ట మీద చల్లని జెల్ రాసి, కదలకుండా పడుకోమని, ప్రోబ్ ఆనించింది. లోపల రేగుపండంత ఉన్న తల తెర మీద అరచేయంత అయి కనిపించింది. ఆమె ఏదో మీట నొక్కగానే ఆ తలలో ఎరుపు, నీలం గీతలు మెరిశాయి.

"ఎరుపు మన వైపు వచ్చే రక్తం, నీలం మనకు దూరంగా పోయే రక్తం" అని డాక్టరమ్మ చెప్పింది. "కింద ఈ గుండ్రం చూశారా, మెదడుకు రక్తం పంచేది ఇదే. బాగుంది. ఇక్కడి నుంచి ఒక నాళం పైకి లేచి, కొడవలిలాగ వెనక్కి వంగాలి. మెదడు రెండు సగాలను కలిపే వంతెన ఒకటి ఉంటుంది, అది ఇంత చిన్నప్పుడు కనబడదు. ఈ నాళం కనబడితే, వంతెన కూడా వస్తుందని మనకు ధైర్యం."

ఆ కొడవలి కోసం ఆమె చాలాసేపు వెతికింది. బిడ్డ అటు తిరిగితే సింధూజను దగ్గమంది, ఇటు తిరిగితే పక్కకు ఒరగమంది. లేచి నాలుగడుగులు నడిచి రమ్మని మళ్ళీ పడుకోబెట్టింది. కొడవలి కనబడలేదు.

"లేదు అనడం లేదు నేను" అంది చివరకు. "కనబడలేదు అంటున్నాను. కొందరికి ఆలస్యంగా తేలుతుంది. అయిదు వారాలు ఆగితే స్పష్టంగా తెలుస్తుంది. అప్పటిదాకా ఎవరేమన్నా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు."

ఆటోలో యూరియా బస్తాను ఆనుకొని సింధూజ ఆ చివరి మాటను మనసులో నూరుసార్లు అనుకొంది. భయం లేదని కాదు. కాని అయిదు వారాలు అనేది ఒక గడువు, గడువు ఉన్న భయాన్ని ఎలాగో మోయవచ్చు అనుకొంది. ఇంటికి పోయేసరికి ఆ గడువు కూడా ఆమెకు మిగలలేదు.

శ్రవణ్ కుమార్ కోపం లేని మనిషి. గొంతు పెంచడు, చెయ్యి ఎత్తడు. నవ్వుతూ, బతిమాలుతూనే తనకు కావలసింది చేయించుకుంటాడు, అందుకే అతన్ని ఎదిరించడం ఎట్లాగో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చేను నుంచి వచ్చి, తల్లి చెప్పింది విని, అన్నం తిని, చెయ్యి కడుక్కొని భార్య పక్కన కూర్చున్నాడు. నాలుగేళ్ళ వర్ష అతని ఒళ్ళోకి ఎక్కింది.

"స్టేట్ బార్డర్ అవతల ఒక దవాఖాన ఉన్నదంట. కురుమూర్తికి ఎరుకే" అన్నాడు. కురుమూర్తి అంటే వాళ్ళకు సీడు పత్తి, అంటే విత్తనం కోసం పెంచే పత్తి, ఇప్పించే ఏజెంటు. "సోమవారం పోయొద్దాం."

"దేనికి బావా?"

"దేనికంటె ఏం చెప్పాలె సింధూ. తలల నరం లేదన్నరు గద."

"లేదనలే. కనబడలే అన్నరు. ఐదు వారాలు ఆగమన్నరు."

"ఆగి ఏం చేస్తం? పరేషాన్ తప్ప. అమ్మ చెప్పింది, శుక్కురారం రమ్మన్నరంట."

"శుక్కురారం అంటె ఏంది బావా, అదొక దినం. అంతే."

అతను నవ్వి వర్ష జుట్టు సవరించాడు. "సరే, నీ మాటే అనుకుందాం. శుక్కురారం ఉత్త దినమే. మరి తల సంగతి? తల బాగలేని పిల్లను కని ఏం చేస్తవ్?"

ఇరుక్కుపోయానని సింధూజకు ఆ క్షణంలో తెలిసింది. వాళ్ళ దగ్గర రెండు కారణాలున్నాయి, రెండూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకొని నిలబడ్డాయి. డాక్టరమ్మ మాటల్లో గూఢార్థం లేదని తాను నిరూపిస్తే, అయితే ఆమె చెప్పిందంతా నిజమేనన్నమాట, బిడ్డ తల బాగలేదు, తీయించాలి. తల సంగతి ఇంకా తేలలేదని నిరూపిస్తే, అయితే అదంతా సైగే, ఆడపిల్ల, తీయించాలి. ఇంట్లో ఒక కారణం అనుకోవచ్చు, ఊళ్ళో ఇంకొకటి చెప్పవచ్చు. ఏ పక్క నుంచి వాదించినా దారి బార్డర్ అవతలికే పోతుంది.

సీడు పత్తి చేసే ఇంట్లో ఈ మాట రావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్ళ చేన్లో మగ చెట్లు నాలుగు వరుసలే ఉంటాయి. మగ పువ్వును ఆడ పువ్వుకు అద్దే క్రాసింగ్ అయిపోగానే వాటిని పీకి గట్టున పడేస్తారు. కాయ కాసేది, విత్తనం ఇచ్చేది, ఇంటికి అన్నం పెట్టేది ఆడ చెట్లే. శ్రవణ్ కుమార్ పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క ఆడ పువ్వును వేళ్ళతో ముట్టుకొని చూసి వస్తాడు. ఆ సంగతి సింధూజ నోటిదాకా వచ్చి, బయటికి రాకుండానే వెనక్కి పోయింది.

తెల్లారి ఆమె కోడేరుకు ఫోన్ చేసింది. పుట్టిల్లు అక్కడే. కాని ఆ ఇల్లు ఆమె ఒక్కదానిదే కాదు. ఇందిరమ్మ పుట్టిల్లు కూడా అదే. సింధూజ తండ్రి భీమయ్య ఇందిరమ్మకు సొంత తమ్ముడు, చిన్నప్పుడు అక్క చంకనెక్కి పెరిగిన తమ్ముడు. కూతురు ఏడుపు గొంతుతో అంతా చెబితే ఆయన అంతా విన్నాడు. విని, గొంతు సవరించుకున్నాడు.

"అక్క ఊకెనే ఏదీ అనదు బిడ్డా. అక్కకు అన్నీ ఎరుకే. జర ఆమె చెప్పినట్టు విను."

అన్నీ ఎరుకే. అది నిజమే. ఇందిరమ్మకు తెలియని సంగతి లేదు. ఏ నొప్పికి ఏ ఆకు నూరాలో, ఏ మబ్బు కురుస్తుందో, ఏ కూలి మనిషి మధ్యాహ్నం దాటాక పని ఎగ్గొడుతుందో, అడగకముందే చెబుతుంది. తెల్వదు అనే మాట ఆమె నోట సింధూజ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చిన్నప్పుడు ఈ అత్తమ్మ కోడేరు వస్తే ఆ ధీమా చూసి మురిసిపోయేది. కోడలై వచ్చాక ఆ ధీమాలోంచి బయటపడే తలుపులు లేవని తెలిసింది.

మిగిలింది ఒక్క ఆశ. డాక్టరమ్మ ఇంకొంచెం ముందుగా ఇంకోసారి చూస్తుందేమో, ఆ కొడవలి ఇప్పటికే తేలిందేమో. సింధూజ రిపోర్టు కవరు మీది నంబరుకు చేసింది. డాక్టరమ్మ వెంట తిరిగే అసిస్టెంటు స్టీఫెన్ ఎత్తాడు.

"సోమవారం లోపల వస్త సార్. గద్వాలకే వస్త."

"మేడం గద్వాలలో శుక్రవారం ఒక్కరోజే ఉంటరమ్మా. శనివారం వనపర్తి, ఆదివారం నాగర్‌కర్నూల్. మిగతా దినాలు హైదరాబాద్. మీరు గద్వాల పేషెంటు గదా, అందుకే శుక్రవారం రాసినం. ఇప్పుడొచ్చినా ఏం కనబడదు, ఆగాలె అని మేడం చెప్పింది గద."

సింధూజ ఫోను పెట్టేసింది. తరువాత ఆమెకు నవ్వు వచ్చింది, ఆ పూట నవ్వు వస్తుందని ఆమె అనుకోలేదు. గద్వాలలో ఆ మెట్లెక్కిన కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరికీ శుక్రవారమే. అంటే గద్వాలలో ఇక మగపిల్లలే పుట్టరు, వనపర్తిలో ఆడపిల్లలే పుట్టరు. నాగర్‌కర్నూల్ వాళ్ళకు ఎవరు పుడతారో ఆదివారానికే తెలియాలి.

ఈ సంగతి లోపలికి పోయి అత్తమ్మకు చెబుదామని లేచింది. గుమ్మం దాకా పోయి ఆగింది. చెబితే ఏమవుతుంది? శుక్రవారం ఒట్టిదని తేలుతుంది. అప్పుడు తల సంగతి ఒక్కటే మిగులుతుంది. బావ అడిగిన ప్రశ్న అక్కడే ఉంటుంది, సోమవారం సోమవారంలాగే వస్తుంది. నిజం చెబితే బిడ్డ బతకదు. ఆ ఇంట్లో బిడ్డను అయిదు వారాలు బతికించగలిగే మాట ఒక్కటే ఉంది, అది డాక్టరమ్మ నోటి నుంచే వచ్చినట్టు ఉండాలి.

మళ్ళీ స్టీఫెన్‌కు చేసింది.

"సార్, మాకు శుక్రవారం పడదు. శనివారం వనపర్తికి వస్త."

"అంత దూరం ఎందుకమ్మా?"

"మాకదే మంచిగుంటది. ఇంకొక్కటి, మా అత్తమ్మ ఫోనుకు మీరే చేసి చెప్పండి. నన్ను తోల్కొచ్చేది ఆమెనే. నేను చెప్తె నమ్మదు."

అబద్ధం ఒక్కటీ ఆడలేదు, అయినా ఇంత పెద్ద అబద్ధం జన్మలో ఆడలేదు.

ఆదివారం పొద్దున ఇందిరమ్మ ఫోను మోగింది. ఆమె ఫోను చెవికి పెట్టుకోదు, స్పీకర్ పెట్టి ఎదురుగా పట్టుకొని మాట్లాడుతుంది. అందువల్ల స్టీఫెన్ మాట వాకిట్లో అందరికీ వినబడింది.

"సింధూజ గారిది శుక్రవారం కాదమ్మా. శనివారానికి మార్చినం. వనపర్తికి రావాలె."

"ఇంకోసారి చెప్పు సారూ."

"శనివారం. వనపర్తి."

ఇందిరమ్మ ఫోను కొంగున తుడిచి, పదిలంగా పక్కన పెట్టింది. కొడుకును కేకేసింది.

"డాక్టరమ్మ మల్ల చూసుకున్నట్టుంది ఆ బొమ్మలు. అందాజ తప్పిందని సమజైంది. ఎంత మంచి మనిషో చూడు, తప్పు చెప్పిన్నని ఫోన్ చేయించి మరీ దిద్దుకుంది. శనారమంట."

"తల సంగతి?" అన్నాడు శ్రవణ్ కుమార్.

"తలకేమైతది? అది ఆడపిల్ల అని చెప్పనీకె అన్న మాట. ఇప్పుడు ఆడపిల్ల గాదాయె, ఇంక తలకేంది."

ఇంత చక్కని తర్కానికి ఎదురు చెప్పగలవాడు ఆ ఇంట్లో లేడు. సోమవారం బార్డర్ అవతలికి పోవలసిన ప్రయాణం ఆగిపోయింది. శ్రవణ్ కుమార్ చేనుకు పోయాడు.

ఆ తరువాతి అయిదు వారాలు సింధూజను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆమెకు ఊపిరాడకుండా చేసింది. నీళ్ళ బిందె ముట్టనివ్వలేదు, చేను గట్టు ఎక్కనివ్వలేదు. మోటారు సైకిలు మీద కూర్చోవద్దన్నారు. వాకిలి దాటితే వెనక అత్తమ్మ, అరుగు మీద కూర్చుంటే పక్కన అత్తమ్మ. జొన్నరొట్టె మీద నెయ్యి, గ్లాసు నిండా పాలు, దానిమ్మ గింజలు వలిచి గిన్నెలో. ప్రతి శనివారం ఊరి ఆంజనేయుడికి ఆకుపూజ. కాపలాకు, ప్రేమకు ఆ ఇంట్లో తేడా తెలియకుండా పోయింది. ఆమె నోట్లో పెట్టుకున్న ప్రతి ముద్దా ఇంకెవరి కోసమో వడ్డించిన ముద్దలాగే ఉండేది. దొంగతనంగా తింటున్నట్టు గబగబా మింగేది.

వర్షకు ఎవరు నేర్పారో గానీ, పొట్ట దగ్గర నోరు పెట్టి "తమ్ముడూ, లేసినవా?" అని పలకరించడం మొదలుపెట్టింది. వాడికని తన బొమ్మల్లోంచి ఒక ట్రాక్టరు పక్కన తీసిపెట్టింది. ఇందిరమ్మ అది చూసి మురిసిపోయి వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. సింధూజ పెరట్లోకి పోయి, ఎవరూ లేనప్పుడు ఏడ్చింది.

అసలైన భయం ఆమె ఒక్కదానికే మిగిలింది. ఆ ఇంట్లో రక్తనాళం సంగతి గుర్తున్నది తనకొక్కదానికే. మగపిల్లవాడి తలలో లోటు ఎట్లా ఉంటుంది గనక! మిగతా అందరూ దాన్ని మరిచిపోయి హాయిగా ఉన్నారు. ఒకసారి ఉండబట్టలేక "అత్తమ్మా, ఆ నరం వచ్చి ఉంటదంటవా?" అని అడిగితే, ఏ నరం అన్నట్టు చూసింది ఇందిరమ్మ. పగటిపూట వాకిట్లో వడ్లు ఎండబోసి కూర్చొని, కొడవలిలాగ వంగే ఒక సన్నని ఎర్ర గీతను తలుచుకొని, వచ్చెయ్యి, వచ్చెయ్యి అని సింధూజ లోపలికి చెప్పుకునేది. ఒకవేళ రాకపోతే? రాకపోతే తాను ఈ అయిదు వారాలూ ఎవరిని కాపాడినట్టు, ఎవరిని మోసం చేసినట్టు? ఆ ప్రశ్న అడగడానికి ఆమెకు మనిషి లేదు.

ఆ శనివారం వచ్చింది. చేన్లో క్రాసింగ్ జోరుగా ఉంది, కూలీలను వదిలి రావడం కుదరదని శ్రవణ్ కుమార్ ఆగిపోయాడు. వర్షను తండ్రి దగ్గర వదిలి అత్తాకోడళ్ళిద్దరే బయలుదేరారు. బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కగానే ఇందిరమ్మ ఆంజనేయుడి గుడి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. కిటికీలోంచి నదిలోకి ఒక రూపాయి బిళ్ళ విసిరింది.

వనపర్తి సెంటర్లో పేరు పిలవగానే ఇందిరమ్మ కూడా లేచింది. "నేను గూడ వస్త. నేను చూడొద్దా?" డాక్టర్ ఫిర్దోస్ నవ్వి, లోపలికి రానిచ్చి, తెర కనబడేటట్టు కుర్చీ వేయించింది.

మళ్ళీ ఆ చల్లని జెల్, కదలవద్దనే మాట. సింధూజ ఈసారి తెర వైపు చూడలేదు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ పడుకొంది. ప్రోబ్ జరుగుతున్నది, ఆగుతున్నది, మళ్ళీ జరుగుతున్నది. డాక్టరమ్మ మాట్లాడటం లేదు. సింధూజ బల్ల అంచు పట్టుకొంది.

"ఇటు చూడండి సింధూజ గారూ" అంది డాక్టరమ్మ. "చూడండి, పరవాలేదు."

తెర మీద తల ఈసారి నిండుగా ఉంది. ముందు వైపు నుంచి ఒక ఎర్ర గీత లేచింది. పైకి పోయింది, వెనక్కి వంగింది, వంగి చివరిదాకా పోయింది. కొడవలే. అందులో రక్తం మెరుస్తూ, ఆగుతూ, మెరుస్తూ పోతున్నది.

"ఉంది. పూర్తిగా ఉంది. దీని కింద వంతెన కూడా కట్టుకుంటున్నది. తల కొలతలన్నీ బాగున్నాయి. నేను చూడవలసినవి అన్నీ చూశాను, మీ బిడ్డ మెదడు బాగుంది."

సింధూజకు కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. ఇందిరమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని తెరకు మొహం ఆనించినంత దగ్గరగా చూసింది.

"గిదేనా అమ్మా, ఆ నరం?"

"అదేనమ్మా."

"అది కొట్టుకుంటున్నదా?"

"గుండె కొట్టుకున్నప్పుడల్లా ఇందులోకి రక్తం వస్తుంది. అదే మీకు కనబడుతున్నది."

ఇందిరమ్మ చూస్తూ ఉండిపోయింది.

డాక్టరమ్మ కాగితంతో జెల్ తుడుచుకొమ్మని చెప్పి, చేతులు కడుక్కుంటూ అంది: "ఏడో నెలలో ఒక్కసారి చూస్తే చాలు. ధరూర్ వాళ్ళు కదా మీరు, ఈ దూరం ప్రయాణం దేనికి? శుక్రవారం గద్వాలకే రండి."

సింధూజ సగం లేచి అట్లాగే ఆగిపోయింది.

"శుక్కురారమా?" అంది ఇందిరమ్మ. "శనారం గాదా అమ్మా? పోయినసారి మీరే గద శనారమని దిద్దింది."

"నేను దిద్దడమేమిటమ్మా? గద్వాలలో నేను ఉండేదే శుక్రవారం. శనివారం అయితే ఇక్కడికి రావాలి, ఆదివారం అయితే నాగర్‌కర్నూల్. మీ కోడలే శనివారం కావాలని అడిగిందని మా స్టీఫెన్ చెప్పాడు." డాక్టరమ్మ చెయ్యి తుడుచుకుంటూ ఇద్దరి మొహాలూ చూసింది. "ఏమైంది?"

"ఏం లేదమ్మా" అంది ఇందిరమ్మ.

బస్టాండు దాకా ఆమె ముందు నడిచింది, సింధూజ వెనక నడిచింది. పారిపోవాలనిపించింది. వనపర్తి నుంచి కోడేరు ఎంతో దూరం లేదు, అదిగో బస్సు కూడా నిలబడి ఉంది. కాని కోడేరులో ఉన్నది అక్క మాట దాటని తమ్ముడు. ధరూర్‌లో శ్రవణ్ కుమార్ దగ్గర వర్ష ఉంది. సింధూజ గద్వాల బస్సే ఎక్కింది. కిటికీ పక్కన ఆమె, దారికి అడ్డంగా ఇవతల ఇందిరమ్మ కూర్చున్నారు.

పెబ్బేరు దాటాక ఇందిరమ్మ అడిగింది. "ఆ పిలగానితోటి నాకు ఫోన్ చేయించింది నువ్వేనా?"

"నేనే అత్తమ్మా."

"నన్ను ఎడ్డిదాన్ని చేసినవ్."

"నాకు వేరే తొవ్వ కనబడలే."

ఇందిరమ్మ మొహం ఇటు తిప్పలేదు. ఇప్పటికీ ఆలస్యం కాలేదని, బార్డర్ అవతలి వాళ్ళు ఇంకొంత పెద్ద కడుపైనా కాదనరని సింధూజకు తెలుసు. అత్తమ్మకు ఇంకా బాగా తెలుసు. సింధూజ పొట్ట మీద చెయ్యి వేసుకొని, తెర మీద చూసిన ఎర్ర గీతను తలుచుకొంది. దాన్ని చూడకుండా ఉన్నా బాగుండేదేమో అనిపించింది.

బస్సు బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. శ్రవణ్ కుమార్. ఇందిరమ్మ అలవాటుగా స్పీకర్ పెట్టి ఎదురుగా పట్టుకొంది.

"ఏమన్నరమ్మా?"

"తల మంచిగుందంట. నరం కనబడ్డది. నేను గూడ చూసిన."

"అది సరే. మల్ల ఏ దినం రమ్మన్నరు?"

సింధూజ ముందు సీటు కడ్డీ పట్టుకొంది. ఇందిరమ్మ ఫోను వైపే చూస్తున్నది. ఆమె పెదవులు ఒకసారి కదిలి ఆగాయి.

"శనారం" అంది. "శనారమే రమ్మన్నరు. వనపర్తికి."

"మంచిది. పైలంగ రాండ్రి."

ఫోను ఆగిపోయింది. బస్సులో వాళ్ళు గుడి వైపు తిరిగి దండాలు పెట్టుకుంటున్నారు. కింద కృష్ణ నిండుగా పోతున్నది. ఇందిరమ్మ ఈసారి చేతులెత్తలేదు, గుడి వైపు చూడనే లేదు. ఫోనును కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకొంది.

"తల బాగలేదన్నప్పుడు నాకు ధైర్యం ఉండె" అంది, తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "బాగలేని పిల్లను తీసేసినం అనుకుంటె నా పానం నిమ్మళంగ ఉంటుండె. ఇయ్యాల నా కండ్లతోని చూపిచ్చిరి. గంత మంచిగ పారుతున్నది రక్తం. ఇగ ఏమని తీయాలె? ఏమనుకొని తీయాలె నేను?"

సింధూజ ఆమె చెయ్యి పట్టుకొంది. ఇందిరమ్మ పట్టుకోనిచ్చింది గాని, తిరిగి పట్టుకోలేదు.

"పుట్టినంక, అత్తమ్మా? ఆడపిల్లయితే? బావకు ఏం చెప్తం?"

వంతెన అయిపోయి బస్సు గట్టెక్కింది. ఇందిరమ్మ రోడ్డు వైపు చూసింది. ఏదో ఒక ఉపాయం, ఒక సామెత, ఒక తిట్టు వస్తుందని సింధూజ ఎదురుచూసింది. ఇన్నేళ్ళలో ఆమెను అడిగి జవాబు లేకుండా ఎవరూ తిరిగిపోలేదు.

"నాకు తెల్వదు" అంది ఇందిరమ్మ.

ఎర్రవల్లి వచ్చింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. ఇద్దరూ ఒకే సీటులో, ఒకరికొకరు ఆనుకొని కూర్చున్నారు. ఇంటి దగ్గర వర్ష ట్రాక్టరు బొమ్మ పట్టుకొని, తమ్ముడు ఎట్లున్నాడని అడగడానికి కాచుకొని ఉంటుంది.